ముందు ప్రశ్నలు రాసుకో

అమ్మడూ,

నీ మెయిల్ చూశాను. వరి సమాచార వ్యవస్థకి ఆంటాలజీ (ఆ రంగంలోని విషయాలు, వాటి మధ్య సంబంధాలు కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసిన నమూనా) కట్టాలి, ఏ పద్ధతి పట్టుకోవాలో సోమవారంలోగా గైడుగారికి చెప్పాలి అని టెన్షన్ పడుతున్నావు. పద్ధతి పేరు తర్వాత చూద్దాం. ముందు నీ ఆంటాలజీ ఏయే ప్రశ్నలకి జవాబు చెప్పాలో రాసుకో. 'అగ్గితెగులు ఏ దశలో వస్తుంది?', 'ఈ వరి రకం దాన్ని తట్టుకుంటుందా?' ఇలాంటివి ఓ ఇరవై. 1995లో టొరంటోలో గ్రూనింగర్, ఫాక్స్ చూపించిన దారి ఇది. కాంపిటెన్సీ క్వశ్చన్స్ అంటారు. అన్ని పద్ధతుల్లోనూ నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది ఇదే.

2001లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చిన నోయ్, మెక్‌గిన్నెస్‌ల గైడులో ఏడు మెట్లే. ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రొటెజెని కొత్తగా తెరిచేవాళ్లకి హాయిగా ఉంటుంది. మాడ్రిడ్‌లో 1997 నాటికి రూపుదిద్దుకున్న మెథంటాలజీ అలా కాదు, దశదశకీ పట్టికలు, పత్రాలు రాయమంటుంది. విసుగొస్తుంది. కానీ నీ తర్వాత ఈ పని ఇంకొకరి చేతికి వెళ్లేదైతే ఆ కాగితాలే వాళ్లని కాపాడతాయి.

నియాన్ అనే ఇంకో పద్ధతి తొమ్మిది రకాల సందర్భాలకి దారి చూపిస్తుంది. వాటిలో చాలావరకు ఇప్పటికే ఉన్న ఆంటాలజీల్ని, పదకోశాల్ని ఎలా వాడుకోవాలో చెప్పేవే. నీకు ఇది తప్పనిసరి. ఎందుకంటే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ వాళ్ల వ్యవసాయ పదకోశం అగ్రోవాక్ ఉంది, అందులో తెలుగు పదాలూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: అది థిసారస్, అంటే సంబంధం ఉన్న పదాల్ని ఒకదాని కింద ఒకటి పేర్చిన పదకోశం. అందులో ఒక పదం కింద ఇంకో పదం ఉందని దాన్ని అలాగే తెచ్చి సబ్‌క్లాస్ (పై దానిలో ఒక రకం) చేసెయ్యకు.

నేను ఆ తప్పు చేశాను. 'వరి' కింద 'వడ్లు', దాని కింద 'బియ్యం' పెట్టాను. వరికి ఇచ్చిన 'నాట్లు వేసే కాలం' కాస్తా బస్తాలో ఉన్న బియ్యానికీ వచ్చిపడింది. రెండు రోజులు కోడ్‌లో వెతికాను. చివరికి బొమ్మ గీసిన కాగితం మా చిన్నాన్నకి చూపిస్తే, "వడ్లు వరిలో ఒక రకమేంట్రా? వరి కోసి నూరిస్తే వచ్చేవి కదా!" అన్నాడు. గ్వారినో, వెల్టీల తనిఖీ పద్ధతి ఆంటోక్లీన్ పట్టి చూసేది సరిగ్గా ఇలాంటి పొరపాట్లనే. నీ క్లాసులన్నీ దాంతో ఒకసారి జల్లెడ పట్టు, ఆ తర్వాత సాగు తెలిసినవాళ్లకి చూపించు.

నేనైతే ప్రశ్నలతో మొదలుపెట్టి, నియాన్‌తో నడిచి, పత్రాల మటుకు మెథంటాలజీ నుంచి తీసుకుంటాను. గైడుగారికి అదే చెప్పు, ఎందుకో కూడా చెప్పు. ఆదివారం సాయంత్రానికి ఇరవై ప్రశ్నలూ పంపు. అగ్రోవాక్‌లో వేటికి పదాలు దొరుకుతాయో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య