ఏఐ ఉండగా మనకేం పని అని అడిగిన తమ్ముడికి

హైదరాబాద్

తమ్ముడూ,

అమీర్‌పేటలో టెక్నికల్ రైటింగ్ కోసం, అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో యూజర్లకు రాసిపెట్టే పని కోసం, ఇంకో టూల్ కోర్సు చేయాలా, ఏఐ వచ్చేసింది కాబట్టి లైనే మార్చుకోవాలా అని అడిగావు. టూల్ సంగతి తేలికే. మార్క్‌డౌన్ (మామూలు టెక్స్ట్‌లోనే శీర్షికలు, జాబితాలు గుర్తుపెట్టే పద్ధతి), గిట్ (ఫైళ్లలో ఏం మార్చామో గుర్తుంచుకునే టూల్) వస్తే చాలు, మిగతావి ఆఫీసులోనే వస్తాయి. ఫీజు మిగుల్చుకో.

అసలు టెన్షన్ రెండోదే కదా. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరక్కుండానే, ప్రోగ్రామర్లు ఒకరినొకరు ప్రశ్నలడిగే వెబ్‌సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో దాని జవాబులను నిషేధించింది. అవి చూడ్డానికి బాగానే ఉన్నా చాలావాటిలో తప్పులున్నాయి, అన్నిటినీ సరిచూసేంతమంది అక్కడ లేరు. సరిచూసే ఆ మనిషి కొరత ఇప్పటికీ తీరలేదు. నీ ఉద్యోగం అక్కడుంది. ‘ఈ బటన్ నొక్కండి’ అని వరుసగా రాసే పని మాత్రం పోతుంది. పోనీ, దాన్నెవరూ ఇష్టపడి చేయలేదు.

కొత్త వెర్షన్ వచ్చిన రోజున దాని ఇబ్బందుల గురించి ఎవరూ రాసి ఉండరు, ఏఐ చదివి ఉండదు. యూజర్లు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ఒకరినొకరు అడుగుతారు. అర్ధరాత్రి ఎవరో పుణ్యాత్ముడు రెండు ముక్కల్లో జవాబు చెబుతాడు. తెల్లారేసరికి అది మెసేజ్‌ల కింద పడిపోతుంది, డిస్కార్డ్‌లో అయితే గూగుల్‌లో వెతికినా దొరకదు. నువ్వు ఆ గ్రూపులో ఉండాలి. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోందంటే ఆ జవాబును నీ సిస్టమ్‌లో చేసి చూడు. ఏ వెర్షన్‌లో పనిచేసిందో, ఎప్పుడు చూశావో రాసి ఆ సాఫ్ట్‌వేర్ సహాయం పేజీల్లో, అంటే డాక్స్‌లో పెట్టు. చెప్పినవాళ్ల పేరూ వెయ్యి. కాలం చెల్లిన పేజీని తీసెయ్యి, లేదా పాతదని పైనే రాయి. లేకపోతే రేపు ఏఐ దాన్నే ధీమాగా వల్లిస్తుంది.

‘డాక్స్ చదవలేదా?’ అని మాత్రం ఎవరినీ వెటకారం చేయకు. అతను అడిగాడంటే మన పేజీ దొరకలేదనో, దొరికినా అర్థం కాలేదనో అనుకో. నా లెక్కలో సర్వేలన్నిటికంటే అదే పనికొచ్చే సమాచారం.

అనుభవం లేదంటున్నావు. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, ఎవరైనా రాయొచ్చు. అక్కడ ఒక సహాయం పేజీ తీసుకో. మీ అమ్మగారితో దాన్ని చదివించి, ఎక్కడ ఆగారో చూడు. అక్కడి చర్చల పేజీ రచ్చబండలో ఒక మాట చెప్పి, ఆ చోట తిరగరాయి. ఏం మార్చావో పేజీ చరిత్రలో అందరికీ కనిపిస్తుంది, ఇంటర్వ్యూలో అదే చూపించు.

మార్చాక లింకు నాకు పంపు. ఎర్రపెన్ను పట్టుకునే చదువుతాను, ఏమనుకోకు.

మీ అన్నయ్య