విశేషణాలతో కాదు, పేర్లతో వెతకండి

మహారాష్ట్రలోని సిరొంచ మిత్రమా, ‘తిరుగుబాటు రచయితలు’ అని ఇంటర్నెట్‌లో వెతికితే సినిమా వార్తలే వస్తున్నాయన్నారు. పేర్లతో వెతకండి. 1965లో తొలి కవితా సంపుటి తెచ్చిన తెలుగు తిరుగుబాటు కవుల బృందం దిగంబర కవులు ఆరుగురు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. దాన్ని ఆవిష్కరించింది ఒక రిక్షా కార్మికుడు! ఆ ధైర్యం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఒక్కో పేరూ మరికొన్ని పేర్లకు దారి చూపిస్తుంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. స్పెల్లింగ్ మార్చి మార్చి చూడండి.

మరాఠీ బడిలో చదివానన్నారు కదా, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న నాకు ఆ భాగ్యం లేదు. మరాఠీ రాసే దేవనాగరి లిపిలో మరాఠీ కవులు అరుణ్ కొలట్కర్, నామ్‌దేవ్ ఢసాల్ పేర్లు టైపు చేయండి. కుల వివక్షపై పోరాడిన దళిత్ పాంథర్స్ సంస్థను 1972లో స్థాపించినవారిలో ఢసాల్ ఒకరు. ముంబయి చీకటి వాడల గురించి ఆయన రాసిన కవిత్వాన్ని మీరు మూలంలోనే చదవగలరు. ముందు ఆయనతోనే మొదలుపెట్టండి.