వేలాడే వంతెనా? తీగల వంతెనా?

ప్రశ్న: అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెన ఫొటో ఒకటి మా ఊరి గ్రంథాలయంలో పెడుతూ, కింద ‘సముద్రంపై వేలాడే వంతెన’ అని రాశాను. ఒక మిత్రుడు ‘అంత బరువైన వంతెన వేలాడడమేమిటి, తీగల వంతెన అని రాయండి’ అన్నారు. ఇంకొకాయన ‘వంతెన కంటే వారిధి బావుంటుంది’ అంటున్నారు. ఏది సరైనదో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: ముందు వారిధి సంగతి తేల్చేద్దాం. వారి అంటే నీరు, వారిధి అంటే సముద్రం. జలధి, పయోధి, అంబుధి అన్నట్టే. వంతెనను చెప్పే మాట వారధి. ఒక్క గుడి తేడాతో వంతెన కాస్తా సముద్రమైపోతుంది. పత్రికల్లోనూ ఈ పొరపాటు తరచుగా కనిపిస్తోంది కాబట్టి వారిధి అన్నాయన్ని తప్పు పట్టనక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. మీరు రాసిన ‘వేలాడే వంతెన’ సరైన మాటే, మార్చకండి. ‘వేలాడు’లో ఉన్న ‘ఆడు’ను చూసి, ఊగుతూ ఉంటేనే వేలాడినట్టని మీ మిత్రుడు అనుకుని ఉంటారు. మాట్లాడు, పోరాడు, దెబ్బలాడు అన్నవాటిలోనూ ‘ఆడు’ ఉంది, వాటిలో ఊగడం అనే అర్థం లేదు. ‘వేలాడు’కు పాతరూపం వ్రేలాడు; పైనున్న ఆధారాన్ని పట్టుకుని కిందికి ఉండడమే దాని అర్థం. పిచ్చుకల కోసం చూరుకు కట్టిన వరికుచ్చు గాలి లేనప్పుడు కదలదు, అయినా వేలాడుతోందనే అంటాం.

ఆ ఫొటోను దగ్గరగా చూడండి. రెండు ఎత్తైన టవర్ల మీదుగా రెండు లావాటి కేబుళ్లు వంపు తిరిగి సాగుతాయి. వాటి నుంచి నిలువుగా దిగిన ఇనుప తాళ్లు రోడ్డును పట్టుకుని ఉంటాయి. టవర్ల మధ్య 1280 మీటర్ల మేర కింద ఒక్క స్తంభం కూడా లేదు. 1937లో ప్రారంభమైన ఆ వంతెనను పెనుగాలికి పక్కకు కదిలేలాగే కట్టారు. కాబట్టి మీ మిత్రుడి లెక్కన చూసినా అది వేలాడేదే.

అంత దూరం వెళ్లకుండా రాజమండ్రి ఆర్చి బ్రిడ్జినే చూడండి. 1997లో వాడుకలోకి వచ్చిన ఈ వంతెనలో రైలు పట్టాలున్న భాగాన్ని పైనున్న కాంక్రీటు ఆర్చిల నుంచి దిగిన హ్యాంగర్లే మోస్తున్నాయి. దాన్ని వేలాడే వంతెన అనడం లేదంటే, కంటికి ముందు ఆనేది ఆర్చి కాబట్టి. జనం పేరు పెట్టే తీరు అది, నాకు ఎంతో ఇష్టమైన తీరు.

‘తీగల వంతెన’ను వేరే రకానికి ఉంచుకుందాం. హైదరాబాదు దుర్గం చెరువు మీద 2020లో ప్రారంభమైన వంతెనలో తీగలు టవర్ నుంచి ఏటవాలుగా, తిన్నగా వచ్చి రోడ్డును పట్టుకుంటాయి. పత్రికలు దానికి ఆ మాట వాడాయి, జనానికీ అలవాటైంది. రెండు రకాలకు రెండు మాటలు ఉన్నప్పుడు కలిపేయడం దేనికి?

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ‘సముద్రంపై’ అన్నది అంత కచ్చితంగా లేదు. గోల్డెన్ గేట్ అనేది శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతాన్ని పసిఫిక్ మహాసముద్రంతో కలిపే ఇరుకైన నీటిదారి. పాఠ్యపుస్తకాల్లో దీన్ని జలసంధి అంటారు. అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటును మీ వైపు మొగ అంటారు కదా! అక్కడ కలిసేది నది, ఇక్కడ అఖాతం, అంతే తేడా. ‘అఖాతం మొగ మీద వేలాడే వంతెన’ అని రాస్తే మీ ఊళ్లో పడవ నడిపేవాళ్లకూ వెంటనే అర్థమవుతుంది.