జవాబు: అరేబియా మీద రోజూ వచ్చే స్పైకులు సౌర తుఫాను కాదు, టైమ్ తేడా

మీ క్యూబ్‌శాట్ (చిన్న ఉపగ్రహం) వికిరణ సెన్సర్ కౌంట్లు రోజూ అరేబియా మీద ఒక్కసారిగా ఎగబాకుతున్నాయి (స్పైకులు), ఇది సౌర తుఫానా అని అడిగారు. కాదు. అనంతపురం స్టేషన్ పీసీ రికార్డుల టైమ్‌ను ఐఎస్‌టీ (భారత కాలమానం)లో వేస్తోంది, ఉపగ్రహం ఎప్పుడు ఎక్కడుందో లెక్కించే మీ ఆర్బిట్ ప్రోగ్రామ్ దాన్ని యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అనుకుంటోంది. తేడా 330 నిమిషాలు. 500 కి.మీ. ధ్రువ కక్ష్యలో ఒక చుట్టుకు దాదాపు 95 నిమిషాలు, అంటే సుమారు మూడున్నర చుట్లు. ఆ అర చుట్టే కొంప ముంచింది: బ్రెజిల్ పక్కన, దక్షిణ అట్లాంటిక్ అనామలీలో (భూ అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉండి, వికిరణం బాగా కిందికి దిగే ప్రాంతం) పడాల్సిన కౌంట్లు భూమధ్యరేఖకు అవతలి వైపు, అరేబియా మీద పడుతున్నాయి.

1. ప్రతి రికార్డు నుంచి 5:30 తీసేయండి. అర్ధరాత్రికీ తెల్లవారి 5:30కీ మధ్యవాటికి తేదీ కూడా ఒకరోజు వెనక్కి జరపాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్యాకెట్ యాంటెన్నాకు అందిన టైమ్ వేరు, సెన్సర్ లెక్కపెట్టిన టైమ్ వేరు. క్యూబ్‌శాట్ దాచిపెట్టి, మన మీదుగా పోయేటప్పుడు దించే డేటాకు ప్యాకెట్ లోపలున్న ఆన్‌బోర్డ్ గడియారం విలువే వాడాలి. అందిన టైమ్ వాడితే స్పైకులన్నీ మన స్టేషన్ సిగ్నల్ అందుకునే పరిధిలోనే కనబడతాయి.

3. అదే రోజు టీఎల్‌ఈతో (ఉపగ్రహ కక్ష్య వివరాలిచ్చే రెండు వరుసల అంకెలు) మ్యాపు మళ్లీ గీయండి.

4. అక్షాంశం 0 నుంచి −50, రేఖాంశం −90 నుంచి +40 మధ్య (మైనస్ అంటే దక్షిణం, పడమర) పాయింట్లు పక్కన పెట్టండి, అది ఆ అనామలీ ప్రాంతం. రెండు ధ్రువాల వైపు, 60–70 డిగ్రీల దగ్గర కౌంట్లు మిగులుతాయి. అవి భూమి చుట్టూ ఉండే బయటి వికిరణ వలయం ఎలక్ట్రాన్లు, మామూలే.

5. ధ్రువాల దగ్గర కౌంట్లు ఇంకా పైకి లేచి, అదే సమయంలో గోస్ (అమెరికా వాతావరణ ఉపగ్రహం)లో 10 ఎంఈవీ (కణాల శక్తి కొలత) దాటిన ప్రోటాన్లు 10 పీఎఫ్‌యూ (ప్రోటాన్ల ప్రవాహం కొలత) మించితే, అప్పుడది సౌర తుఫానే. భూమధ్యరేఖ దగ్గర వెతకొద్దు, అక్కడ భూ అయస్కాంత క్షేత్రం వాటిని చాలావరకు ఆపేస్తుంది.