ఎస్సే మళ్లీ రాసే ముందు ఇది చదువు

బంగారూ,

నువ్వు పంపిన పేరా చదివాను. భాషకి వంక పెట్టడానికి లేదు, కానీ చదివాక నా అభిప్రాయం వెంట్రుకవాసి కూడా మారలేదు. "విద్యార్థులకు నిద్ర చాలా అవసరం" అంటే కాదనేదెవరు? ఎవరూ కాదనని మాటకి ఎస్సే ఎందుకు? స్కూలు ఆలస్యంగా మొదలవ్వాలన్నదే కదా నీ వాదన, అదే సూటిగా రాసెయ్: "హైస్కూలు పొద్దున 8:30 కంటే ముందు మొదలవకూడదు." ఇప్పుడు చూడు, కాదనడానికి పదిమంది లేస్తారు. లేవాలి, అప్పుడే నీకు పని.

అయితే ఆ 8:30 ఎక్కడిదని అడిగితే నీ దగ్గర జవాబుండాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2014లో సిఫార్సు చేసిన టైమ్ అది. టీనేజ్‌లో మెలటోనిన్, అంటే నిద్రవేళైందని శరీరానికి చెప్పే హార్మోన్, రాత్రి ఆలస్యంగా పెరుగుతుంది, నిద్రా ఆలస్యంగానే పడుతుంది, త్వరగా పడుకోమని కేకలేసినంత మాత్రాన శరీరం వినదు. ఈ ఒక్క కారణం రాస్తే చాలు, ఎవరూ పిల్లల్ని బద్ధకస్తులని కొట్టిపారేయలేరు.

ఇక రీసెర్చ్. వికీపీడియా చూడొద్దని ఎవరన్నా చెప్తే పట్టించుకోకు, మొదలుపెట్టడానికి భేషుగ్గా పనికొస్తుంది, కాకపోతే అక్కడే ఆగిపోకుండా పేజీ అడుగున ఉన్న లింకులు పట్టుకుని అసలు రీసెర్చ్ పేపర్ దాకా వెళ్లు. పేపర్ అంతా అర్థం కాకపోయినా కంగారు పడకు. ముందున్న సారాంశం, ఎవరి మీద చేశారు, ఎలా కొలిచారు, చివర్లో వాళ్లంతట వాళ్లే ఒప్పుకున్న లోపాలు, ఇంతవరకు చదువు.

నీ టాపిక్‌కే పనికొచ్చేది ఒకటి చెప్తాను. అమెరికాలోని సియాటిల్‌లో 2016లో హైస్కూళ్ల టైమ్ 7:50 నుంచి 8:45కి మార్చారు. రెండు స్కూళ్ల పిల్లల చేతికి వాచీలాంటి పరికరం కట్టి నిద్ర కొలిస్తే రోజుకి 34 నిమిషాలు పెరిగిందని 2018లో సైన్స్ అడ్వాన్సెస్ అనే జర్నల్‌లో పేపర్ వచ్చింది. మార్కులు కూడా కాస్త మెరుగ్గా కనిపించాయి. ఇక్కడే చాలామంది "స్కూలు లేటైతే మార్కులు పెరుగుతాయి" అని రాసి దొరికిపోతారు. ఎందుకంటే మార్పుకి ముందు కొలిచిన పిల్లలు వేరు, తర్వాత కొలిచిన పిల్లలు వేరు. నిద్రని పరికరం కొలిచింది కాబట్టి ఆ మాట గట్టిది. మార్కులకి ఇంకేవైనా కారణాలుండొచ్చు. నువ్వైతే "నిద్ర పెరిగింది, మార్కులూ మెరుగ్గా ఉన్నాయి, కానీ మార్కుల సంగతి ఈ ఒక్క పేపర్‌తో తేల్చలేం" అని రాయి. బలహీనంగా అనిపిస్తుంది, తెలుసు. కానీ అంత నిజాయితీగా రాసినవాళ్ల మిగతా మాటల్ని మీ టీచర్ నమ్ముతారు.

ఆ లెక్కలోనే ఇంకోటి ఉంది చూడు. స్కూలు టైమ్ వెనక్కి జరిగింది 55 నిమిషాలు, అందులో 34 నిద్రకే వెళ్లాయి. "లేటుగా లేవొచ్చంటే ఇంకా లేటుగా పడుకుంటారు, అంతే" అనేవాళ్లకి ఇంతకంటే జవాబేం కావాలి?

అవతలివాళ్ల వాదనల్లో తేలికైనది ఏరుకుని కొట్టకు, అన్నిటికంటే కష్టమైనది తీసుకో. నన్నడిగితే అది బస్సులు, తల్లిదండ్రుల ఆఫీసు వేళలు. దీనికి పూర్తి జవాబు లేదు, ఉన్నట్టు నటించకు. కాలిఫోర్నియా 2019లో ఇదే 8:30 మీద చట్టం చేసి 2022 నుంచి అమల్లోకి తెచ్చింది, అది కూడా గ్రామీణ ప్రాంతాల స్కూళ్లకి మినహాయింపు ఇచ్చాకే. కాబట్టి ఇబ్బంది ఉన్న మాట ఒప్పుకో, ఒప్పుకున్నాక కూడా నీ వైపే ఎందుకు మొగ్గాలో చెప్పు. ఎస్సే మొత్తంలో ఎక్కువ టైమ్ ఈ పేరాకే పెట్టు, మిగతావి ఎలాగోలా వచ్చేస్తాయి.

చాట్‌బాట్‌ని వాడతావని తెలుసు, తిట్టను. కానీ అది చెప్పిన పేపర్ నువ్వు తెరిచి చూడకుండా ఎస్సేలో పెట్టావో, అయిపోయావే. న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన లేని కేసుల్ని కోర్టుకి సమర్పిస్తే 2023లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు.

నోట్సు రాసుకునేటప్పుడు పేజీ మూసేసి నీ మాటల్లో రాయి, పక్కనే ఎక్కడ చదివావో అప్పటికప్పుడే రాసుకో. తర్వాత రాద్దాంలే అనుకుంటే చివరి రాత్రి లింకులు వెతుక్కుంటూ టెన్షన్ పడతావు.

ముగింపులో మొదటి పేరానే తిరగేసి రాయకు. ఎవర్ని ఏం చెయ్యమంటున్నావో అడుగు: మీ స్కూలు వాళ్లని ఒక్క టర్మ్ 8:30కి పెట్టి, హాజరు ఎలా ఉందో లెక్క చూడమను. డ్రాఫ్ట్‌తో పాటు లింకులు కూడా పంపు, ఒక్కొక్కటీ తెరిచి చూస్తాను.

పెద్దమ్మ