పరాయి దేశంలో రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలి?

తిరుపతి నుంచి అమెరికా, కెనడాలకు చదువుకు వచ్చే పిల్లలూ, చిత్తూరు పల్లెల నుంచి కువైట్‌కు పనికి వెళ్ళే అన్నదమ్ములూ అడిగేది ఒకటే: "రోజుకు ఎన్ని లీటర్లు తాగాలి?" ఇద్దరికీ ఒకే అంకె చెబితే చదువుకునే పిల్లలకు అక్కర్లేనంత అవుతుంది, ఎండలో పనిచేసేవాళ్ళకు ప్రాణం మీదికి వచ్చేంత తక్కువ అవుతుంది.

ముందు లెక్క చూద్దాం. అమెరికా జాతీయ అకాడమీలు 2004లో చెప్పిన అంకె మగవాళ్ళకు 3.7 లీటర్లు, ఆడవాళ్ళకు 2.7. ఇది తిండిలో ఉండే నీటితో కలిపి. అందులో దాదాపు అయిదో వంతు తిండి నుంచే వస్తుంది కాబట్టి తాగాల్సింది సుమారు 3 లీటర్లు, 2.2 లీటర్లు. పాలు, మజ్జిగ, కాఫీ, టీ కూడా ఇందులోకే వస్తాయి. కాఫీ తాగితే ఒంట్లో నీళ్ళు పోతాయనే భయం మితంగా తాగేవాళ్ళకు అక్కర్లేదు.

మన ఇంట్లో సంగటి, పులుసు, రసం, మజ్జిగన్నంతోనే చాలా నీళ్ళు కడుపులోకి వెళ్తాయి. ఇక్కడ బ్రెడ్డు, చిప్స్, పిజ్జాతో రోజు గడిపేవాళ్ళకు ఆ వాటా పడిపోతుంది. పైగా చలిలో దప్పిక పుట్టదు, గదిలో హీటరు గాలి పొడిగా ఉంటుంది. సాయంత్రానికి తలనొప్పి, నాలుగు రోజులకు మలబద్ధకం. కాబట్టి చలికాలంలో దప్పిక కోసం చూడకండి. 24 ఔన్సుల సీసా ఒకటి కొనుక్కోండి, అది 710 మిల్లీలీటర్లు. ఆడపిల్లలు మూడు, మగపిల్లలు నాలుగు సీసాలు తాగితే చాలు, కాఫీ, మజ్జిగ తాగితే ఇంకా తక్కువ. జిమ్‌లో కొందరు మోసే గాలన్ సీసా 3.8 లీటర్లు. దాన్ని చూసి పోటీ పడొద్దు.

కువైట్ వేసవి సంగతి వేరు. అలిపిరి మెట్లెక్కేటప్పుడు చొక్కా తడిసి ముద్దవుతుంది, చెమట ఎంత పోతోందో కంటికి తెలుస్తుంది. కువైట్ పొడి ఎండలో చెమట పుట్టగానే ఆరిపోయి చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే మిగులుతాయి. జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది, అయినా పొద్దున 9కే వేడి తగులుతుంది. పని మొదలుపెట్టకముందే ఒక గ్లాసు తాగండి, తర్వాత 15–20 నిమిషాలకు 240 మిల్లీలీటర్ల చొప్పున తాగండి. గంటకు 1.4 లీటర్లు మాత్రం దాటకండి.

ఆ హద్దు ఎందుకంటే, మూత్రపిండాలు గంటలో బయటికి పంపగలిగే నీరు పరిమితమే. చెమటతో ఉప్పు పోతుంటే ఉత్త నీళ్ళే పోస్తూ పోతే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి. చూసేవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తారు, ప్రాణం పోయేది అక్కడే. గంటల తరబడి చెమట పడితే నడుమ ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగండి. లీటరుకని రాసిన ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసు నీళ్ళలో చిక్కగా కలిపితే విరేచనాలు ఎక్కువవుతాయి. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు కుప్పగా కాకుండా సమంగా తీసిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. మనిషి మాట తడబడితే, ఒళ్ళు కాలిపోతుంటే నీడకు చేర్చి ఒళ్ళు తడుపుతూ 112కు ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకూడదు.

సరిపోతోందో లేదో మూత్రం రంగే చెబుతుంది. లేత గడ్డి రంగు ఉంటే మంచిది, ముదురు పసుపైతే చాలడం లేదు. పొద్దుటి మొదటిదాన్ని లెక్కలోకి తీసుకోకండి, బి విటమిన్ మాత్రలు వేసుకునేవాళ్ళకు ఈ కొలత పనికిరాదు.

మూత్రపిండంలో ఒకసారి రాయి వచ్చినవాళ్ళకు లెక్క మారుతుంది. రోజుకు కనీసం 2.5 లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. ఊరగాయలు తగ్గించాలి. మజ్జిగ మాత్రం మానొద్దు: తిండిలో కాల్షియం తగ్గితే, రాయి కట్టించే ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువగా ఒంటికి పట్టి రాయి మళ్ళీ కడుతుంది.

అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చినప్పుడు పైన చెప్పిన ఏ అంకెనూ వాళ్ళకు అంటగట్టకండి. వయసుతో దప్పిక తగ్గుతుంది, అడిగి తాగించాలి. కానీ గుండె బలహీనంగా ఉన్నా, మూత్రపిండాల జబ్బున్నా, నీరు పోయే మాత్రలు వాడుతున్నా రోజుకు ఎంత తాగాలో తిరుపతిలో వాళ్ళ డాక్టరునే అడిగి, చీటీ మీద రాయించుకుని రమ్మనండి. విమానాశ్రయ తనిఖీలో నీళ్ళ సీసా తీసేస్తారు. ఖాళీ స్టీలు సీసా తెచ్చుకుని తనిఖీ దాటాక నింపుకోమని చెప్పండి.