సాహసం: నేరమా, మెప్పా?

సందేహం: కోటలు, కవచాలు, కత్తియుద్ధాలతో మధ్యయుగాల కథ నడుపుతూనే పాత్రల చేత నేటి మాటలు, నేటి చమత్కారాలు పలికించే సరదా సినిమాలను ‘సాహస చిత్రాలు’ అంటున్నారు. సాహసమంటే దౌర్జన్యం, దండన అని నిఘంటువులో చూశాను. మరి ఈ వాడుక తప్పా? ఆ సినిమాల్లోని ‘మోడరన్ ట్విస్ట్’ను తెలుగులో ఏమనాలి?

సమాధానం: నిఘంటువు అబద్ధం చెప్పలేదు. సహస్ అంటే బలం. ఆ బలంతో చేసిన పని సాహసం. ధర్మశాస్త్రాల్లో అది అచ్చంగా ఒక నేరం పేరు. ‘సామాన్యద్రవ్యప్రసభహరణాత్ సాహసం స్మృతమ్’ అన్నాడు యాజ్ఞవల్క్యుడు. ఉమ్మడి సొత్తును ప్రసభంగా, అంటే బలాత్కారంగా, లాక్కోవడమే సాహసమని భావం. మనువు ఇంకా సన్నని గీత గీశాడు: సొంతదారు కళ్లెదుట లాక్కుంటే సాహసం, చాటుగా కాజేస్తే స్తేయం, అంటే దొంగతనం. జరిమానాకూ అదే పేరు. ప్రథమ, మధ్యమ, ఉత్తమ సాహసాలు మనువు లెక్కలో 250, 500, 1000 పణాలు (ఆనాటి నాణేలు). యాజ్ఞవల్క్యుడి లెక్కలో 270, 540, 1080. సంస్కృత నిఘంటువు అమరకోశం ‘సాహసం తు దమో దండః’, సాహసమంటే దండనే అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మరి జరిమానా పేరు వీరగాథకు ఎలా ఎక్కింది? శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో దొంగ శర్విలకుణ్ణి చూడండి. గోడకు కన్నం వేయబోతూ కొలతాడు మరిచిపోయానని జందెం తీసి కొలుస్తాడు. లోపలికి వెళ్లి దీపం ఆర్పడానికి పురుగును వదులుతాడు. అక్కడ దొంగిలించిన నగలతోనే ప్రియురాలి దాస్యం విడిపించబోతాడు. ఎందుకింత తెగించావని ఆమె మందలిస్తే ‘సాహసే శ్రీః ప్రతివసతి’ అంటాడు. సాహసంలోనే సిరి ఉంటుందట! శిక్షాస్మృతి మాట దొంగ నోట మెప్పు మాటైంది. మనం అతన్ని తిట్టుకోం, నవ్వుతూ వెంట నడుస్తాం. మీరు చెప్పిన సినిమాల ఆకర్షణా ఇదే.

మన కేతన సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. సంస్కృత కవి దండి దశకుమారచరితాన్ని 13వ శతాబ్దంలో తెలుగు చేసి, తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండి అనిపించుకున్న కవి ఆయన. యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్య మితాక్షరను విజ్ఞానేశ్వరీయంగా తెనిగించిందీ ఆయనే. సాహసాలు చేసే రాజకుమారులూ, సాహసానికి శిక్ష వేసే న్యాయమూ ఒకే గంటం కింద నడిచాయి.

సాహసానికి మెప్పు అంటుకున్నాక పాత నింద మోయడానికి ‘దుస్సాహసం’ కావలసి వచ్చింది. కాబట్టి ‘సాహస చిత్రం’ తప్పనను. ‘సాహసోపేతమైన సాహసగాథ’ అని రాసేవారిని మాత్రం మందలించాలి. ఉపేతమంటేనే కూడినదని అర్థం, సాహసం రెండుసార్లు చెప్పినట్టవుతుంది. ‘జానపద చిత్రం’ అన్నా చెల్లుతుంది, కానీ ఆ మాట వినగానే మాంత్రికుడు గుర్తొస్తాడు.

ఇక ట్విస్టు. కథ తిరిగితే మలుపు, చివర తళుక్కుమంటే కొసమెరుపు, చిక్కుపడితే మెలిక. ఇన్ని ఉండగా అన్నిటికీ ఒకే ట్విస్టు ఎందుకు? మీరడిగినదానికి శాస్త్రంలో దగ్గరి పేరుంది: కాలవిరోధం, అంటే కాలానికి పొసగనిది చెప్పడం. శాస్త్రం లెక్కలో కాలమంటే రాత్రింబవళ్లు, ఋతువులే, మనం దాన్ని యుగాలకు సాగదీయాలి. కావ్యాదర్శమనే అలంకారశాస్త్ర గ్రంథంలో దండి దాన్ని దోషాల్లోనే లెక్కించాడు, కానీ వెంటనే మినహాయింపు ఇచ్చాడు:

విరోధః సకలోఽప్యేష కదాచిత్ కవికౌశలాత్
ఉత్క్రమ్య దోషగణనాం గుణవీథీం విగాహతే

ఈ విరోధమంతా ఒక్కొక్కప్పుడు కవి నేర్పువల్ల దోషాల లెక్క దాటి గుణాల వీధిలో అడుగుపెడుతుందని భావం. ‘కదాచిత్’, ‘కౌశలాత్’ అన్న రెండు మాటలూ గట్టిగా పట్టుకోవాలి. నోట నేటి మాట పలకాలంటే ఒంటిమీది కవచం ఆనాటిదే కావాలి, దాని ఇరవై కిలోల బరువు నడకలో తెలియాలి. కవచం అట్టముక్కలా ఊగి, కొలువులో మర్యాదలు కూడా నేటివే అయితే విరోధించడానికి పాతకాలమే మిగలదు, నవ్వూ పుట్టదు. రెండు కాలాలు ఒరుసుకుంటేనే చమత్కారం.

అందుచేత ‘కాలవిరోధ చమత్కారం’ అనవచ్చునని నా అభిప్రాయం. పత్రిక శీర్షికకు బరువనిపిస్తే ‘పాత కథకు కొత్త మెలిక’ అన్నా అభ్యంతరం లేదు, మెలిక అర్థం కాస్త సాగినా సరే.